రాంగ్లర్ హార్డ్‌టాప్‌ను విశాఖలో విప్పి, మళ్లీ బిగించడం ఎలా

జీపు రాంగ్లర్ హార్డ్‌టాప్‌ను, అంటే గట్టి పైకప్పును, విప్పడానికి గంట చాలు. చుక్క నీరు కారకుండా దాన్ని తిరిగి కూర్చోబెట్టడానికి మాత్రం ఒక పూట పడుతుంది. ఈ పని నేర్పేవాళ్లు చాలామంది విప్పడం గురించి విస్తారంగా చెప్పి, పెట్టడం దగ్గరికొచ్చేసరికి ‘ఇదే తిరగేసి చేయండి’ అని ఒక్క ముక్కతో తేల్చేస్తారు. వాన తక్కువ పడే ఊళ్లో అది చెల్లుతుందేమో గానీ విశాఖపట్నంలో చెల్లదు. ఇక్కడ వాన ఏటవాలుగా కొడుతుంది, గాలిలో ఉప్పు ఉంటుంది, రేవు వైపు నుంచి వచ్చే నల్లపొడి వన్‌టౌన్ వరండాల మీద వాలినట్టే బండి రబ్బర్ల మీదా వాలుతుంది. అందుకే ఇందులో విప్పడం గురించి కావలసినంతే ఉంటుంది. దాచడం, రబ్బర్లు చూసుకోవడం, తిరిగి బిగించడం గురించి ఎక్కువ ఉంటుంది.

ఏ బండికి పనికొస్తుంది

ఇక్కడ చెప్పేది నాలుగు తలుపుల రాంగ్లర్ గురించి. 2021 నుంచి పుణె దగ్గరి రంజన్‌గావ్ కర్మాగారంలో కూర్పు జరిగి వస్తున్న జేఎల్ తరం బండి అది. దాని పైకప్పు మూడు ముక్కలు. ముందు సీట్ల మీద ఎడమా కుడీ రెండు చిన్న పలకలు ఉంటాయి. వాటి వెనక నుంచి స్టెప్నీ దాకా అద్దాలతో సహా ఒకే పెద్ద డొప్ప. అంతకుముందు వచ్చిన జేకే తరానికీ పద్ధతి ఇంచుమించు ఇదే, బోల్టు తల కొలత వేరు.

థార్ ఉన్నవాళ్లు ఇక్కడే ఆగాలి. దాని హార్డ్‌టాప్ చూడటానికి ఇలాంటిదే అనిపించినా, యజమాని ఇంటి దగ్గర తరచూ విప్పి పెట్టుకునేందుకు తయారైంది కాదు. 2020 అక్టోబరులో కొత్త థార్ వచ్చినప్పుడే, గాలి తగిలేలా తిరగాలనుకునేవాళ్ల కోసం సాఫ్ట్‌టాప్ (బట్ట కప్పు) రకాన్ని విడిగా ఇచ్చారు.

ఇక మాజ్దా ఎంఎక్స్-5 వంటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. మాజ్దా మన దేశంలో అధికారికంగా అమ్మలేదు కాబట్టి అది చాలా అరుదు. దాని పాత తరాలకు విడిగా దొరికే హార్డ్‌టాప్ సుమారు 20 కిలోలే, ఇద్దరు ఎత్తగలరు. బట్ట కప్పును ముందు పూర్తిగా మడిచి వెనక్కి పంపాలి. ముందు అద్దం చట్రం మీదున్న రెండు లాచ్‌లు, తలుపుల వెనక ఇరువైపులా ఉన్న కొక్కేలు, వెనక పట్లు విప్పి, వెనక అద్దం వేడి తీగల కనెక్టరు ఊడదీసి ఎత్తడమే. నిల్వ గురించీ రబ్బర్ల గురించీ కింద చెప్పినవన్నీ దానికీ వర్తిస్తాయి.

ఎప్పుడు విప్పాలి

ముందు క్యాలెండర్ చూడండి, పానాల సంగతి తర్వాత. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం ఎప్పుడు ఏం పంపుతుందో చెప్పలేం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరిని ఏం చేసిందో చూసినవాళ్లకు వివరించనక్కర్లేదు. డిసెంబరు మొదటి వారాన్ని కూడా నమ్మకండి. 2023లో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. మార్చిలో ఉక్క మొదలవుతుంది, పైకప్పు లేని బండిలో సీటు మీద చెయ్యి పెట్టలేం. ఇక మిగిలింది డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా.

ఒకసారి విప్పితే ఆ కాలమంతా విప్పే ఉంచండి. శనివారం విప్పి సోమవారం పెడదామనే ఆలోచన మానుకోవడం మంచిది. విప్పిన ప్రతిసారీ బోల్టు మరలు కొంత అరుగుతాయి, రబ్బరు కొంత నలుగుతుంది, సాయం వచ్చే నలుగురి ఓపిక మరింత తరుగుతుంది. ఒక్కపూట భీమిలి దాకా వెళ్లి రావాలన్న సరదా అయితే ముందు పలకలు రెండూ తీస్తే సరిపోతుంది. అది మనిషి ఒక్కడే అయిదు పది నిమిషాల్లో చేసుకునే పని.

రోజులో కూడా వేళ ఉంది. పొద్దెక్కి నేల వేడెక్కాక సముద్రపు గాలి పుంజుకుంటుంది. నలుగురి చేతుల మీద గాల్లో ఉన్న డొప్పకు ఆ గాలి తగిలితే అది తెరచాప అయి కూర్చుంటుంది. అదీగాక ఎండలో కాగిన రబ్బరు మెత్తబడి లోహానికి అతుక్కుంటుంది. ఉదయం ఆరున్నర, ఏడు గంటల మధ్య మొదలుపెడితే ఈ రెండు బాధలూ ఉండవు. సాయానికి వచ్చినవాళ్లు ఆఫీసులకు వెళ్లేలోపు పని కూడా తెములుతుంది.

చోటు, మనుషులు, సామాను

పెద్ద డొప్ప ఎత్తడానికి నలుగురు పెద్దవాళ్లు కావాలి, మూలకొకరు. ఇది నా మాట కాదు, తయారీదారు చేతిపుస్తకంలోనే రాసి ఉంది. ‘మా తమ్ముడూ నేనూ చాలు’ అని పౌరుషానికి పోకండి. బరువు సంగతి ఎలా ఉన్నా ఇద్దరు పడితే డొప్ప నడుమ మెలిపడుతుంది, మెలిపడితే అద్దం చుట్టూ ఉన్న జిగురు వదులుతుంది. నలుగురికి తోడు ఏమీ పట్టుకోకుండా చూస్తూ నిలబడే అయిదో మనిషి ఉంటే ఇంకా మేలు. మాట అతనిదే కావాలి. ఎత్తండి, ఆగండి, దించండి అని ఒక్క గొంతే చెప్పాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఈ పని పెట్టుకుంటే సలహా చెప్పేవాళ్లు పదిమంది పోగవుతారు, వాళ్లకు ముందే టీ ఇప్పించి కుర్చీలు వేయండి.

ఎత్తేవాళ్లు ఉంగరాలు, కడియాలు, వాచీలు తీసేయాలి. బెల్టు బకిల్ రంగును ఎంత లోతుగా గీస్తుందో ఒక్కసారి తెలిస్తే మళ్లీ ఎవరికీ చెప్పనక్కర్లేదు, ముందే చొక్కా బయటికి లాగి దాన్ని కప్పేయమనండి. కాళ్లకు చెప్పులు కాదు, బూట్లు ఉండాలి.

సెల్లార్‌లో అయితే దూలం ఎత్తు చూసుకోండి. డొప్పను ముందు నిటారుగా ఎత్తాలి, ఆ తర్వాతే వెనక్కి నడవాలి. బండి పైన దూలం గానీ, మంటలార్పే నీటి గొట్టం గానీ అడ్డొస్తే సగంలో ఇరుక్కుంటారు. బండిని రెండు దూలాల నడుమ పెట్టి, వెనక పదడుగులు ఖాళీ ఉందా చూసి, డొప్ప దించే చోటిదాకా ఒకసారి ఉత్త చేతులతో నడిచి రండి.

సామాను పెద్దగా ఏమీ లేదు. జేఎల్ బోల్టులకు టి50 టార్క్స్ బిట్ (నక్షత్రం ఆకారపు కొన ఉన్నది), జేకేకి టి40. బండితో వచ్చే చిన్న పనిముట్ల సంచిలో రాచెట్ (బిట్ తగిలించి తిప్పే పిడి), బిట్లు ఉంటాయి, అది పోయి ఉంటే గాజువాక ఆటోనగర్‌లో దొరకని బిట్ లేదు. బిట్ బోల్టు తలలో ఏమాత్రం ఆడకుండా కూర్చోవాలి. కొద్దిగా వదులుగా ఉన్నా కొలత తప్పినట్టే, బలవంతంగా తిప్పితే తల అరిగి ఊరుకుంటుంది. ఇవి కాక పాత బొంతలు రెండు, మంచాలకు అల్లే వెడల్పాటి నవారు కొంత, మూత బిగుతుగా పడే డబ్బాలు రెండు, పెయింటర్లు వాడే కాగితం టేపు, ఒక పెన్ను కావాలి. పూర్ణా మార్కెట్‌లో ఒక్క చుట్టు తిరిగితే ఇవన్నీ వస్తాయి.

ముందు పలకలు

బండిని చదునుగా ఉన్న చోట నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపండి. తలుపులన్నీ తెరవండి. సన్‌వైజర్లు రెండూ దించండి. పలక లోపలి వైపున్న ఎల్ ఆకారపు తాళాలు తిప్పి, ముందు అద్దం చట్రానికి పట్టి ఉన్న లాచ్ విప్పితే పలక వదులవుతుంది. ఎడమ పలక ముందు తీయాలి, తర్వాత కుడిది.

ఇక్కడ చాలామంది తికమకపడతారు. అమెరికా వీడియోల్లో ‘డ్రైవర్ వైపుది ముందు’ అంటారు. వాళ్ల డ్రైవరు ఎడమ పక్క కూర్చుంటాడు. మన బండిలో ఎడమ అంటే పక్కసీటు వైపు. స్టీరింగ్ ఎటున్నా పలకల అమరిక మారదు కాబట్టి, బండిలో కూర్చున్నప్పుడు మీ ఎడమచేతి వైపున్నదే మొదటిది.

పలకను పైకి లేపి తీసేటప్పుడు ముందు అంచును కిందికి ఆనించి నిలబెట్టకండి. ముందు అద్దాన్ని మూసే రబ్బరు ఉండేది ఆ అంచుకే. బండితో వచ్చిన సంచి ఉంటే అందులో పెట్టండి, లేకపోతే రెండు దుప్పట్లు చుట్టి మంచం మీద బోర్లించండి.

పెద్ద డొప్ప

ముందు పలకలు రెండూ తీయకుండా దీని జోలికి వెళ్లకూడదు. మొదట వెనక ఎడమ మూల చూడండి. వెనక వైపర్‌కూ అద్దం వేడి తీగలకూ వెళ్లే కనెక్టరు, అద్దం కడిగే నీటి గొట్టం అక్కడే ఉంటాయి. కనెక్టరుకు ఉన్న లాక్ విప్పాకే లాగాలి, అదీ ప్లాస్టిక్ తలను పట్టుకుని లాగాలి, తీగను కాదు. గొట్టం ఊడదీస్తే నాలుగు చుక్కలు కారతాయి, కింద గుడ్డ పెట్టండి. ఈ పని మరిచిపోయి ఎత్తేస్తే డొప్ప ఒక వైపు, తీగలు ఒక వైపు అవుతాయి. అందుకే బోల్టుల కంటే ముందు ఇది.

తర్వాత బోల్టులు, మొత్తం ఎనిమిది. ముందు తలుపుల వెనక స్తంభాల పైభాగంలో చెరొకటి, బండి లోపలి గోడల వెంట వరుసగా చెరి మూడు. గోడ వెంట ఉన్న ఆరూ ముందు విప్పి, స్తంభాల దగ్గరి రెండూ చివరికి ఉంచండి. స్తంభాల బోల్టులను ఒక డబ్బాలో, గోడవి మరో డబ్బాలో వేసి, ఎక్కడివో టేపు మీద రాసి అంటించండి. రెండున్నర నెలల తర్వాత మీకు గుర్తుండదు. బోల్టులు తిప్పే మోటారు, ఇంపాక్ట్ గన్, వాడొద్దు. చేతి రాచెట్‌తో రాని బోల్టుంటే ఉప్పు పట్టిందని అర్థం. తుప్పు వదిలించే నూనె ఒక చుక్క వేసి పావుగంట ఆగండి, రబ్బరు మీద మాత్రం పడనివ్వకండి.

వెనక తలుపును స్టెప్నీతో సహా పూర్తిగా పక్కకు తెరవండి. వెనక అద్దం డొప్పకే వేలాడి ఉంటుంది కాబట్టి దానితోపాటే వస్తుంది. అది ఊగి ఎవరి మోచేతికీ తగలకుండా వెనక ఉన్న ఇద్దరూ చూసుకోవాలి.

ఇప్పుడు నలుగురూ మూలల్లో నిలబడండి. ఇద్దరు ముందు తలుపుల సందులో, ఇద్దరు వెనక మూలల దగ్గర. నవారును రెండు వరుసలుగా డొప్ప అంచు కింద నుంచి తీసి భుజానికి వేసుకుంటే వేళ్ల మీద భారం సగం తగ్గుతుంది. మొదట అంగుళం మాత్రమే లేపి ఆగండి. రబ్బరు ఎక్కడైనా అతుక్కుని ఉంటే అప్పుడు సాగుతూ కనిపిస్తుంది. అయిదో మనిషి దాన్ని వేలితో మెల్లగా విడదీయాలి. అంతా వదిలిందని అతను చెప్పాకే నిటారుగా పైకి లేపి, లోపలి కడ్డీలు దాటాక, చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడవండి.

కప్పీ కట్టి పైకి లాగే పద్ధతి కూడా ఉంది, సొంత ఇల్లూ షెడ్డూ ఉన్నవాళ్లకు అది హాయి. చైన్ పుల్లీని మాత్రం కాంక్రీటు దూలానికి యాంకర్ బోల్టులతో పట్టించాలి, రేకుల షెడ్డు గొట్టానికి కాదు. అపార్ట్‌మెంట్‌లో అయితే సంఘం అనుమతి లేకుండా దూలానికి రంధ్రం వేయకండి. ఆ గొడవ డొప్ప కంటే బరువు.

ఎక్కడ దాచాలి

డాబా మీద వద్దు. ఈ ఊళ్లో చాలామందికి మొదట తట్టే చోటు అదే, ఎందుకంటే ఖాళీగా ఉండేది అదొక్కటే. ఎండకు రబ్బరు ఎండి పగులుతుంది, గాలివాన వచ్చిన రోజున డొప్ప పక్కింటి ట్యాంకు మీదికి వెళుతుంది. తాళ్లతో కట్టి ఉంచినా నిశ్చింత ఉండదు. విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం ప్రకటన వచ్చిన ప్రతిసారీ నలుగురిని పోగేసి కిందికి దించలేరు కదా.

సెల్లార్‌లో గోడవార, నీరు నిలవని మూల చూడండి. నేల మీద సరుగుడు దుంగలు రెండు పరిచి, వాటి మీద చెక్క పలక, దాని మీద బొంత వేసి, బండి మీద ఎలా కూర్చుంటుందో అలాగే కూర్చోబెట్టండి. పక్కకు ఒరిగించి గోడకు ఆనిస్తే చోటు కలిసొస్తుంది గానీ అద్దం మీద భారం పడుతుంది. అంచు పొడవునా మెత్త సమంగా ఉండాలి. నాలుగు ఇటుకల మీద పెడితే ఆ నాలుగు చోట్లా రబ్బరు నొక్కుకుపోయి, తిరిగి పెట్టాక సరిగ్గా అక్కడే నీళ్లు దూరుతాయి.

కప్పడానికి పాత నూలు దుప్పటి చాలు. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమ్మ పట్టి అద్దం చుట్టూ బూజు లేస్తుంది. ఎలుకల సంగతీ చూసుకోవాలి. సెల్లార్ ఎలుకలకు తీగల మీది తొడుగు మహా ఇష్టం. డొప్ప వైపు మిగిలిన కనెక్టరుకు ప్లాస్టిక్ సంచి తొడిగి టేపు చుట్టి, కింద నాలుగు కర్పూరం బిళ్లలు పడేసే అలవాటు కొందరికి ఉంది. నేను బోను పెడతాను. పిల్లి పడుకుంటే మాత్రం లేపకండి, దాని వల్ల లాభమే.

పైకప్పు లేని రోజులు

బండి వైపు ఖాళీగా మిగిలిన బోల్టు రంధ్రాల మీద కాగితం టేపు అంటించి, వారానికోసారి మార్చండి. మార్చకపోతే జిగురు అక్కడే మిగులుతుంది. బండి వైపు కనెక్టరుకూ సంచి తొడిగి, నోరు కిందికి ఉండేలా కట్టండి.

ఆర్కే బీచ్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి దాకా తిరిగి వచ్చిన రోజున తడిగుడ్డతో ముందు అద్దం చట్రం, తలుపుల పై అంచులు, బోల్టులు కూర్చునే గోడ అంచు తుడవండి. కంటికి కనిపించకపోయినా ఉప్పు పొర ఉంటుంది. నాలుకకు తెలుస్తుంది, వేలితో ఒకసారి రుద్ది చూడండి. మంచినీళ్ల గుడ్డ ఒకటి, పొడిగుడ్డ ఒకటి, అంతే.

అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు పిల్లలు లోపలి కడ్డీలు పట్టుకుని నిలబడతామంటారు. వీల్లేదనండి. పైకప్పు లేని బండిలో సీటుబెల్టే మనిషిని లోపల ఉంచేది.

తిరిగి పెట్టే రోజు: రబ్బర్లతో మొదలు

డొప్పను ముట్టుకోకముందు గంటసేపు రబ్బర్లకే కేటాయించండి. అసలు పైకప్పు అదే. పైన ఉన్న గట్టి డొప్ప ఆ రబ్బరును నొక్కి పట్టి ఉంచేందుకే ఉంది.

రబ్బరు బీడింగ్ మీద తెల్లటి కాగితం రుమాలు ఒక జాన మేర లాగి చూడండి. రేవు గాలి తగిలే ఇళ్లలో అది బూడిదరంగుగా కాదు, కాటుకలా నల్లగా వస్తుంది. దానికి సముద్రపు ఇసుక రేణువులు కలుస్తాయి. ఈ రెండూ రబ్బరుకీ రంగుకీ నడుమ చిక్కుకుంటే, బండి కదిలిన ప్రతిసారీ గరుకు కాగితం పని చేస్తాయి. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల షాంపూ వేసి, మెత్తటి గుడ్డతో మడతల లోపలిదాకా తుడవండి. తర్వాత మంచినీళ్ల గుడ్డ, ఆ తర్వాత పూర్తిగా ఆరనివ్వడం.

ఆరాక వేలితో పొడవునా నొక్కుతూ వెళ్లండి. మంచి రబ్బరు నొక్కితే లోపలికి పోయి, వదిలితే వెంటనే పైకి వస్తుంది. నొక్కిన గుంట అలాగే ఉండిపోయే చోటు, నిగనిగలాడుతూ గట్టిపడిన చోటు, మూల దగ్గర జుట్టంత సన్నటి చీలిక, ఈ మూడింటినీ టేపు ముక్కతో గుర్తు పెట్టుకోండి. రేపు నీటి పరీక్షలో ముందు చూడాల్సినవి అవే. చీలిక పెద్దదైతే ఆ బీడింగ్ మొత్తం మార్చాలి. సిలికాన్ సీలెంట్ పూసి అతికిస్తామనే మెకానిక్ మాట వినకండి. వచ్చే ఏడాది డొప్ప విప్పేటప్పుడు రబ్బరుతోపాటు రంగు కూడా లేచివస్తుంది.

రబ్బరుకు పూసేది సిలికాన్ గ్రీజు గానీ, సిలికాన్ స్ప్రే గానీ అయి ఉండాలి. స్ప్రే అయితే గుడ్డ మీద కొట్టుకుని ఆ గుడ్డతో రాయండి, అద్దం మీద పడితే మసక వదలదు. మామూలు బేరింగ్ గ్రీజు, కిరోసిన్, ఇంజినాయిల్ పెట్రోలియం సరుకులు. తలుపుల బీడింగ్‌గా వాడే ఈపీడీఎం రకం రబ్బరు వాటికి ఉబ్బి మెత్తబడుతుంది. కొబ్బరినూనె కూడా వద్దు, కొన్నాళ్లకు అది జిగురుగా మారి దుమ్మునంతా పట్టుకుంటుంది.

కూర్చోబెట్టడం

అదే నలుగురిని పిలవండి. కొత్తవాళ్లయితే మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. కనెక్టరు, గొట్టం, రంధ్రాల మీది టేపు ఒకసారి చూసుకోండి. టేపు ముక్క ఒక్కటి రబ్బరు కింద మిగిలినా నీటికి దారి దొరుకుతుంది. వెనక తలుపు పూర్తిగా తెరిచి, పక్క తలుపులు తెరిచి ఉంచి, డొప్పను వెనక నుంచి తెచ్చి, కడ్డీల మీదుగా ముందుకు నడిపి, స్తంభాల రంధ్రాలకు ఎదురుగా ఆపండి. ముందు వైపు ముందుగా, వెనక వైపు తర్వాత అని కాకుండా అంతా ఒకేసారి దించాలి. ఒక మూల ముందు ఆనితే అక్కడి రబ్బరు మడత పడి లోపలికి తిరుగుతుంది. చివరి రెండంగుళాల దగ్గర అయిదో మనిషి చుట్టూ తిరిగి, ఎక్కడా తీగ గానీ గుడ్డ గానీ నలగడం లేదని చూసి, అప్పుడు దించమనాలి.

దించాక వెంటనే బిగించకండి. ఎనిమిది బోల్టులనూ వేళ్లతో మూడు నాలుగు చుట్లు ఎక్కించండి. రాచెట్ ఇంకా జేబులోనే ఉండాలి. వేళ్లతో ఎక్కని బోల్టు ఉందంటే డొప్ప ఒక పిసరు పక్కకు ఉందని అర్థం. అన్నీ వదులు చేసి, ఇద్దరు ఇరువైపులా పట్టి కొద్దిగా జరిపితే దానంతటదే ఎక్కుతుంది. బలవంతంగా రాచెట్‌తో తిప్పితే బండి వైపు మర కొట్టుకుపోతుంది, ఆ మరమ్మతు చిన్నది కాదు.

అన్నీ ఎక్కాక వెనక తలుపు మెల్లగా మూసి, దాని మీద అద్దం దించి చూడండి. రెండు పక్కలా సందు సమంగా ఉండాలి. సమంగా లేకపోతే దిద్దుకోవడానికి ఇదే సమయం. ఉంటే, ముందు స్తంభాల బోల్టులు సగం బిగించి, తర్వాత గోడవి ఎడమొకటి కుడొకటి చొప్పున వెనక్కి వెళుతూ బిగించి, రెండో విడతలో అదే వరుసలో పూర్తి చేయండి. చేతికి గట్టిగా తగిలిన చోట ఆగాలి. రాచెట్ పిడికి గొట్టం తొడిగి బలం పెంచకండి.

కనెక్టరు పెట్టి లాక్ వేయండి, గొట్టం తగిలించండి. వైపర్ ఒకసారి తిప్పి, నీళ్లు కొట్టి, అద్దం వేడి తీగలు ఆన్ చేసి కొంతసేపయ్యాక అద్దం మీద చెయ్యి పెట్టి చూడండి. ముందు పలకలు పెట్టేటప్పుడు వరుస తిరగబడుతుంది, కుడిది ముందు, ఎడమది తర్వాత. లాచ్ వేయకముందు పలకను అరచేతితో నొక్కి, అది వెనక డొప్ప అంచు మీద పూర్తిగా కూర్చుందో లేదో చూడాలి. లాచ్ లాగితే కూర్చుంటుందిలే అనుకుంటే లాచ్ అరుగుతుంది, పలక మాత్రం కూర్చోదు.

నీటి పరీక్ష

వాన కోసం ఎదురుచూడకండి. లోపల ముందు సీట్ల మీద, డ్యాష్‌బోర్డు మూలల్లో, వెనక సామాను చోట పాత దినపత్రికలు పరచండి. చుక్క పడితే అచ్చు కాగితం మీద మరక దాగదు. ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి, ఒకరు బయట గొట్టంతో ఉండాలి. నీళ్లు కింది నుంచి మొదలుపెట్టండి. గోడ అంచు దగ్గర నాలుగు నిమిషాలు, తర్వాత తలుపుల పై అంచు, ఆ తర్వాత ముందు అద్దం పైన పలకలు కలిసే మూలలు, ఆఖరుకు పైన. పై నుంచి మొదలుపెడితే అంతటా తడిసి, ఎక్కడి నుంచి దూరిందో తెలియదు. మామూలు ధార చాలు. వాషింగ్ కేంద్రంలోని ఒత్తిడి గొట్టం పెడితే మంచి రబ్బరు కింది నుంచి కూడా నీళ్లు దూరతాయి.

నీరు ముందుగా దారి వెతుక్కునేది ముందు అద్దం పై మూలల్లోనూ, రెండు పలకలూ డొప్పా కలిసే నడిమి చోటనూ. అక్కడ తడి కనిపిస్తే ముందు లాచ్‌లు విప్పి, పలక తీసి, మళ్లీ పెట్టి చూడండి. చాలాసార్లు రబ్బరు చివర ఒక మడత పడి ఉంటుంది, అంతకుమించి ఏమీ ఉండదు. అప్పటికీ కారితే, మీరు టేపుతో గుర్తు పెట్టుకున్న చోటు చూడండి.

పరీక్షలో నీళ్లు లోపలికి వచ్చి కార్పెట్ తడిసిందా? రాంగ్లర్ నేలకు నీరు పోయే బిరడాలు ఉంటాయి. కార్పెట్ లేపి, అవి తీసి, నీడలో గాలి తగిలేలా ఆరబెట్టండి. మన చెమ్మలో పైపైన ఆరినట్టు కనిపించినా అడుగున రెండు రోజులు తడి ఉంటుంది.

చివరగా, హైవే మీద ఆనందపురం వైపు ఒకసారి వేగంగా వెళ్లి రండి, ఏసీ ఆపి, అద్దాలు మూసి. సన్నగా ఈల వినిపిస్తే పక్కన కూర్చున్నవాళ్లు అరచేతిని ఒక్కో అతుకు మీద ఆనిస్తూ పోవాలి. చెయ్యి పడగానే ఈల ఆగే చోటే రబ్బరు సరిగ్గా కూర్చోని చోటు. ఈల కాకుండా డబడబమని చప్పుడు వస్తే అది రబ్బరు కాదు, వదులుగా మిగిలిన బోల్టు. తిరిగి వచ్చాక ఎనిమిదింటినీ రాచెట్‌తో ఒకసారి తాకి చూడండి. ఒక ఘాట్ ప్రయాణం అయ్యాక ఇంకోసారి.